సంతకం పడేదాకా

గ్యాసు నాబు మూడోసారి కూడా ముట్టుకుని చూసింది. మూసే ఉంది. చెప్పులు వేసుకుని గుమ్మం దాటింది, రెండు మెట్లు దిగింది, మళ్ళీ ఎక్కి వచ్చి నాలుగోసారి చూసింది. ఏడో నెల పొట్ట మీద చెయ్యి వేసుకుని కూతురు మంచం మీంచే ఇదంతా చూస్తోంది.

"అమ్మా, నీ చెయ్యి తగిలి తగిలి అది అరిగిపోయి, ఏదో ఒకరోజు దానంతటదే ఊడి చేతికొస్తుంది చూడు."

"పొద్దున్నే నోట్లోంచి ఒక్క మంచిమాట రాదుటే నీకు? స్టూలు ఎక్కకు. పైనున్నవి పైనే ఉండనీ, నేనొచ్చి తీస్తాను. స్నానాలగదికి లోపల గడియ పెట్టుకోకు, పడితే ఎవరు తీస్తారు. అలాగని గడియ లేకుండానూ ఉండకు."

"అయితే స్నానం మానేస్తాలే."

"నవ్వు. నవ్వులాటగానే ఉంటుంది నీకు. నీ మొగుడు ఫోన్ చేశాడా? లారీ ఎక్కడిదాకా వచ్చిందిట?"

"చేశాడు. బతికే ఉన్నాడు. నువ్వు వెళ్ళమ్మా, బస్సు పోతుంది."

"జాగ్రత్త," అంది. మొదటి మెట్టు మీద ఒకసారి, వీధి మలుపులో వెనక్కి తిరిగి, వినపడదని తెలిసీ, ఇంకోసారి అంది.

బస్సులో ఎప్పుడూ తలుపు పక్క సీట్లోనే కూర్చుంటుంది. ఏదైనా అయితే ముందు దిగొచ్చు. ఏమవుతుందో ఆమెకి తెలీదు గానీ, అవకుండా ఉండే రోజంటూ ఉంటుందని మాత్రం నమ్మకం లేదు. ఏభై ఏడేళ్ళు. సన్నటి మనిషి. ఇరవై ఆరేళ్ళుగా సంచి మోసి మోసి కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి జారింది, ఏ జాకెట్టు కుట్టించినా ఒక పక్క వేలాడుతుంది. టోపీ అంచు దాకా నుదురు తెల్లగా, కింద మొహమంతా కాలిన పెనం రంగులో ఉంటుంది. గోల్ఫ్ మైదానంలో క్యాడీ పని. అంటే ఆడేవాళ్ళ కర్రల సంచి భుజాన వేసుకుని వెంట నడవడం, అడిగిన కర్ర అందివ్వడం, బంతి ఎక్కడ పడిందో చూసిపెట్టడం. అన్నిటికన్నా ముఖ్యంగా, ముందు ఏముందో చెప్పడం. కుడివైపు నీళ్ళు, ఎడమవైపు ఇసక, ఆ గడ్డి వెనక పల్లం. చెడు ఎటునుంచి వస్తుందో ముందే చూసిపెట్టే పని, ఆమెకి దొరక్క దొరక్క దొరికిన పని. అందుకే అక్కడ ఆమె పేరు జాగ్రత్తమ్మ. అసలు పేరు రిజిస్టర్లో ఉంది.

"వచ్చావా జాగ్రత్తమ్మక్కా," అన్నాడు క్యాడీల మేస్త్రీ, మేకుకున్న పద్నాలుగో నంబరు ఇత్తడి బిళ్ళ తీసి ఇస్తూ. "ఏంటి, ఆకాశం ఊడిపడుతుందా ఇవాళ?"

"నవ్వండి. పడమట మబ్బుంది."

"అది మబ్బు కాదక్కా, ఫ్యాక్టరీ పొగ. పాతికేళ్ళ నించీ ఉంది."

ఆమె నవ్వలేదు. మేస్త్రీ వెనక గోడ మీద అంటించిన కాగితం వైపు చూడకుండా బిళ్ళ మెడలో వేసుకుంది. నెలాఖరు నుంచి ఏభై అయిదు దాటిన క్యాడీలు పనికి రానక్కర్లేదని ఉంది దాంట్లో. తొమ్మిది పేర్లు, అయిదోది ఆమెది. బంతులు కడిగే గదిలో ఒక్క చోటు ఖాళీగా ఉంది. స్టూలు మీద కూర్చుని, తొట్టిలో బంతులు తోమి, ఆరబెట్టి, బుట్టలకెత్తే పని. నీడపట్టున ఉండొచ్చు. కూతురికి పురుడొచ్చేనాటికి ఇంట్లో ఒకరి జీతమైనా నిలకడగా ఉండాలి, అల్లుడి లారీ సంగతి దేవుడికే తెలియాలి. ఆ చోటు కోసం కమిటీలో ఒకరు సంతకం పెడితే చాలు. కమిటీలో పళ్ళ డాక్టరు ఉన్నాడు. పళ్ళ డాక్టరు సంచి మోసేది ఈమే.

ఆయనకి అరవై రెండు. పొట్టి మనిషి, ఆడపిల్లలకి ఉన్నట్టు చిన్నచిన్న శుభ్రమైన చేతులు. పదకొండేళ్ళ క్రితం మొదటిసారి కర్ర పట్టాడు. అప్పటినుంచీ ఆయన బతుకంతా ఒక్క అంకె చుట్టూ తిరుగుతోంది: తొంభై. పద్దెనిమిది గుంటలూ పూర్తయ్యేసరికి కొట్టిన దెబ్బలు తొంభైలోపు ఉండాలి. ఎంత తక్కువైతే అంత గొప్ప. తొంభై మూడు కొట్టాడు, తొంభై ఒకటి కొట్టాడు, అక్కడే ఆగిపోయాడు. ఆస్పత్రిలో నేలమీద గ్లాసు పడుకోబెట్టి, రోగి నోట్లో దూది పెట్టి, మత్తెక్కేలోపు అయిదారు బంతులు దొర్లిస్తాడట. మూడు జతల కర్రలు మార్చాడు. పాదాల ఎడం మార్చాడు, పట్టు మార్చాడు, ఊపిరి మార్చాడు. ఆమెని మాత్రం మార్చలేదు. తిట్టడానికి అలవాటైన మనిషి ఉండాలి కదా.

నాలుగేళ్ళ క్రితం ఒకసారి ఎనభై తొమ్మిది కొట్టాడు. ఆ ఆనందంలో దెబ్బల లెక్క రాసిన కార్డు మీద సంతకం పెట్టకుండా పెట్టెలో వేసి ఇంటికెళ్ళిపోయాడు. సంతకం లేని కార్డు చెల్లదు. రద్దయింది. మర్నాడు అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "పక్కనే ఉండి చెప్పొద్దూ? ఆట ఎప్పుడవుతుందో తెలుసా నీకు? చివరి బంతి గుంటలో పడ్డప్పుడు కాదు. కార్డు మీద సంతకం పడ్డప్పుడు! చెప్పు, ఎప్పుడు?"

"సంతకం పడ్డప్పుడండీ," అంది ఆమె, ఏడో తరగతితో ఆగిపోయిన పిల్ల పాఠం అప్పజెప్పినట్టు. మూడుసార్లు చెప్పించాడు.

ఇవాళ నెలవారీ పోటీ. ఆయన కారు దిగేసరికి ఆమె కర్రలన్నీ తడిగుడ్డతో తుడిచి సంచి సర్ది నిలబడింది. ఆయనతో ఆడేది ఆయన బావమరిది. బట్టలకొట్టు యజమాని, బొద్దుమనిషి, ఆట కంటే కబుర్లు ఎక్కువ.

"ఏం చెప్పాను నిన్న?" అన్నాడు డాక్టరు.

"ఆ మాట అనకూడదండీ."

"ఏ మాట?"

ఆమె నోరు తెరిచింది. చప్పున మూసేసింది.

డాక్టరు పకపకా నవ్వాడు. "పట్టేద్దామనుకున్నా. తెలివొచ్చిందే!"

"ఏంటి బావా," అన్నాడు బావమరిది, "పళ్ళు పీకుతావు సరే, నాలికలు కూడా పీకడం మొదలెట్టావా?"

"నీకు తెలీదురా. ఫోన్లో ఒక గురువు చెప్తున్నాడు చూడు, లక్షమంది వింటున్నారు. మన మనసుకి 'వద్దు' అనేది వినపడదట. నీళ్ళల్లో కొట్టకు అంటే దానికి నీళ్ళే వినపడతాయట. ఈవిడ పదకొండేళ్ళుగా ప్రతి దెబ్బకీ ముందు చెవిలో జాగ్రత్త, జాగ్రత్త అని ఊదుతుంటే నా ఆట బాగుపడమంటే ఎక్కడ పడుతుంది? నన్ను వెనక్కి లాగుతున్నది నా నడుము కాదు, కర్రలు కాదు. ఇదిగో, ఈ నోరు."

అంటూ ఆమె నోటివైపు వేలు చూపించాడు, పుచ్చిపోయిన పన్నుని చూపించినట్టు.

తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. బంతుల గదికి ఆమె పేరు సిఫారసు చేస్తూ టైపు చేసింది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. దాన్ని ఆమె కళ్ళెదురుగానే నాలుగు మడతలు పెట్టి సంచి పక్క అరలో దోపాడు.

"ఇవాళ ఆట అయ్యేదాకా ఆ మాటగానీ, పడుద్ది, పోద్ది, నీళ్ళు, ఇసక, జారుద్ది, ఇలాంటి అపశకునం మాట ఒక్కటిగానీ నీ నోట్లోంచి వచ్చిందా, ఇది చింపేస్తా. రాలేదా, కార్డు మీద సంతకం పెట్టిన కలంతోనే దీనిమీదా పెడతా. ఎక్కడ పడకూడదో చెప్పకు. ఎక్కడ పడాలో చెప్పు. అర్థమైందా?"

"అయిందండీ."

"ఆట ఎప్పుడవుతుంది?"

"కార్డు మీద సంతకం పడ్డప్పుడండీ."

మొదటి గుంట దగ్గర నాలిక కొరుక్కుంది. నిజంగానే కొరుక్కుంది, ఉప్పగా రక్తం రుచి తెలిసింది. ఆయన కర్ర ఎత్తేముందు ఆ మాట దానంతటదే, దగ్గు వచ్చినట్టు, గొంతులోకి వచ్చేస్తుంది. మింగింది. రెండో గుంటకి కుడివైపంతా చెరువు. పదకొండేళ్ళుగా "కుడివైపు నీళ్ళు, జాగ్రత్తండీ" అంటూ వచ్చింది, పదకొండేళ్ళుగా ఆయన బంతులు ఆ చెరువు అడుగున గుడ్ల రాశిలా పేరుకున్నాయి. ఏమనాలి? కళ్ళు చికిలించి చూసింది. ఎదురుగా దూరంగా సామాన్ల గది తెల్లగోడ ఉంది.

"ఆ తెల్లగోడ ఎడమ మూల మీదికి కొట్టండి," అంది.

ఆయన ఆశ్చర్యంగా చూసి కొట్టాడు. బంతి తెల్లగోడ మూల మీదికి గీత గీసినట్టు పోయి పచ్చిక నడిమధ్యన దిగింది.

"అబ్బో!" అన్నాడు బావమరిది. "ఈవిడ నోరు మూయిస్తే ఇంత ఉందని తెలిస్తే మా ఆవిడకి కూడా నీ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకునేవాణ్ణి."

అక్కడినుంచి ఆమెకి అదొక లెక్క అయింది. లోపల భయం పుట్టినట్టే పుడుతుంది. దాన్ని తిరగేసి, లోపలిది బయటికి కనపడకుండా మడిచి, అవతలి కొస చేతికిస్తుంది. ఇసక కనిపిస్తే పక్కనున్న పచ్చగడ్డి పేరు చెప్పింది. చెట్లు కనిపిస్తే చెట్ల మధ్య సందు చెప్పింది. "గట్టిగా కొడితే అవతల పడుద్ది" అనాల్సినచోట "గుంట జెండాకి ఇవతల రెండు మూరల దగ్గర దింపండి" అంది. మాట దొరకడానికి కాస్త ఆలస్యమయ్యేది. బంతి ముందు ఆయన కదలకుండా నిలబడి ఉంటాడు గనక ఆ ఆలస్యానికి నష్టం లేకపోయింది. తొమ్మిది గుంటలు అయ్యేసరికి నలభై నాలుగు.

మధ్యలో నీళ్ళు తాగే పాక దగ్గర కూతురికి ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"కూరలు తరుగుతున్నా."

కత్తిపీట. వేలు. రక్తం. ఒంటరిగా ఉంది పిల్ల. అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. తిరగేసింది.

"కుర్చీలో గోడకానుకుని కూర్చుని తరుక్కో తల్లీ. మెల్లిగా తరుక్కో, తొందరేముంది."

అవతల తరుగుతున్న చప్పుడు ఆగింది. "అమ్మా, ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"బాగానే ఉంది. ఏం?"

"ఏం లేదు. ఫోన్ ఎవరో ఎత్తుకుపోయి మాట్లాడుతున్నారేమో అనుకున్నా." కూతురు నవ్వింది. ఆమెకీ నవ్వొచ్చింది.

పన్నెండో గుంట ఎత్తుమీద ఉంటుంది. అక్కడినుంచి ఊళ్ళో కడుతున్న ఇళ్ళు, వాటి చుట్టూ కట్టిన వెదురు నిచ్చెనలు కనిపిస్తాయి. రోజూ అటు చూడదు. ఇవాళ చూసింది. మొగుడు ఇళ్ళకి రంగులేసేవాడు. ఇరవై ఏడేళ్ళ క్రితం, మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకెళ్ళి కింద నిలబడి, మూడో అంతస్తు దగ్గర ఒంటికాలి మీద వంగి ఉన్న మనిషిని చూసి, "జాగ్రత్తయ్యా!" అని అరిచింది. ఎవరా అని ఆయన కిందికి తిరిగి చూశాడు. అంతే. రంగు డబ్బా ఆయన తర్వాత పడింది. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఒకటే మాట అంది: "వాణ్ణి తోసింది నిచ్చెన కాదు, దీని నోరు." అయినా ఆ మాట అనడం ఆమె మానలేదు. ఆ ఒక్కసారి ఆలస్యంగా అన్నానేమో, ఇంకా ముందే అని ఉంటే సరిపోయేదేమో అనుకునేది. అందుకే అన్నిటికీ ముందే, అందరికీ ముందే, అవసరానికి గంట ముందే అంటూ వచ్చింది. ఎన్ని వేలసార్లు అందో. ఎవరికి ఏం అడ్డుపడిందో తెలీదు.

పదమూడో గుంటకి దిగుతుంటే సంచి తేలిగ్గా ఉన్నట్టనిపించింది. ఎండ ఉంది, గాలి ఉంది, ఎక్కడా ఏమీ ఊడిపడటం లేదు. ఇంతకాలం ఇలా బతికేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట అనుకుంది. బంతుల గదిలో స్టూలు కిటికీ వైపు వేసుకోవాలి. తొట్టిలో నీళ్ళు పొద్దున్న చల్లగా ఉంటాయి, వేణ్ణీళ్ళు కలుపుకోవచ్చో లేదో మేస్త్రీని అడగాలి. పిల్ల పుట్టాక మధ్యాహ్నం గంట ముందు వెళ్ళనిస్తారేమో అదీ అడగాలి.

పదహారో గుంట దగ్గర ఆయన బంతి ఇసకలో పడింది. ఇసకలోంచి తీయడానికి రెండు దెబ్బలు పోయాయి. కర్ర విసిరికొట్టాడు. అది ఆమె మోకాలికి తగిలి కింద పడింది.

"అనుకున్నావు కదూ?"

"లేదండీ, నేనేం అనలేదు..."

"నోటితో అనలేదు. మనసులో అన్నావు. నా వీపుకి తెలిసింది. మనసులో కూడా అనకు, చెప్తున్నా."

"సరేనండీ," అంది. మనసులో అన్న మాట నిజమే మరి. మోకాలు రుద్దుకోకుండానే వంగి, కర్రకంటిన ఇసక దులిపి సంచిలో పెట్టింది.

"పోనీలే బావా," అన్నాడు బావమరిది. "మనసులో అనుకున్నందుకు కొట్టడం మొదలెడితే మా ఇంట్లో నేను ఈపాటికి చచ్చుండేవాణ్ణి."

పదిహేడు అయ్యేసరికి ఎనభై నాలుగు. చివరి గుంట అయిదు దెబ్బల్లో వెయ్యాలి. అది దాటితే తొంభై. డాక్టరు చేతి తొడుగు తీసి, తుడుచుకుని, మళ్ళీ వేసుకున్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు: "ఎక్కడికి కొట్టమంటావు?"

చెప్పింది. ఆ నీళ్ళట్యాంకు పక్కకి. రెండోది ఆ కుంచెలా ఉన్న చెట్టుకి ఎడమగా. మూడోది జెండా కిందికి. మూడు దెబ్బల్లో బంతి గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక మీదికి వచ్చింది. ఇక రెండు మిగిలాయి. ఒకటి దొర్లించాడు. గుంటకి ఒక మూర దూరంలో ఆగింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెంప నేలకి ఆన్చి గడ్డి వాలు చూసింది. ఎడమ అంచున కొడితేనే. కుడికి పోతే జారిపోతుంది. తిరగేసింది.

"గుంట ఎడమ పెదవి మీద వెయ్యండి. మెత్తగా."

బంతి ఎడమ పెదవి మీదికి పోయి, ఒక్క క్షణం ఆలోచించి, లోపల పడింది. ఆ టక్ మన్న చప్పుడు ముగ్గురూ విన్నారు.

"ఎనభై తొమ్మిదిరా!" డాక్టరు గొంతు చీలింది. కళ్ళనిండా నీళ్ళు. బావమరిది ఆయన్ని వాటేసుకుని ఒక చుట్టు తిప్పి దించాడు. పోటీలో ఒకరి కార్డు ఒకరు రాయాలి గనక, బావ కార్డు మీద చివరి అంకె వేసి, కూడి, తన సంతకం గీకి ఇచ్చాడు. "నా పని అయింది. నీ సంతకం నువ్వు పెట్టి ఏడు. ఈసారి మర్చిపోయావంటే పళ్ళు నేను పీకుతా."

"మర్చిపోవడమా! కౌంటరు దాకా కూడా ఆగను, నడుస్తూనే పెడతా."

చివరి గుంటకీ కార్డులిచ్చే కౌంటరుకీ మధ్య చిన్న కాలువ, దానిమీద పది అడుగుల చెక్కల వంతెన. రెండు పక్కలా ఇనప కమ్మీ. పక్కనే నీళ్ళు చిమ్మే గొట్టం ఉండటం వల్ల చెక్కలెప్పుడూ తడిగానే ఉంటాయి, సందుల్లో పాచి. పదకొండేళ్ళుగా ఆ వంతెన మొదట్లో ఆమె "చెక్క తడిగా ఉంది, జాగ్రత్తండీ" అంటుంది, ఆయన "తెలుసు, తెలుసు" అని విసుక్కుంటాడు, విసుక్కుంటూనే ఆయన ఎడమచెయ్యి కమ్మీ మీదికి పోతుంది. అలా పోతుందని ఆయనకే తెలీదు. ఆమె కూడా ఎప్పుడూ గమనించలేదు.

బావమరిది ముందు దాటేసి అవతలినుంచి ఎవరికో కేక వేసి చెప్తున్నాడు. డాక్టరు జేబులోంచి కలం తీసి, మూత పళ్ళతో లాగి, ఆ మూత ఆమెకి ఇచ్చాడు.

"పట్టుకో. నీ కాగితం కూడా తీసి ఉంచు. ఇద్దరి పనీ ఒక్కసారే అయిపోతుంది." నవ్వాడు. ఆమెని చూసి ఆయన నవ్వడం, లోపల ఎగతాళి లేకుండా నవ్వడం, అదే మొదలు.

ఆమె మూత గుప్పిట్లో పెట్టుకుని రెండో చేత్తో సంచి పక్క అర జిప్పు లాగింది. ఆయన ఒక చేతిలో కార్డు, ఒక చేతిలో కలం, తల వంచుకుని అంకెలు మళ్ళీ కూడుకుంటూ వంతెన మీద కాలు పెట్టాడు. కొత్త బూట్లు, మొన్నే కొన్నాడు. ఎడమచెయ్యి కమ్మీ మీదికి పోలేదు.

అది ఆమె చూసింది.

మాట గొంతులోకి వచ్చింది. సంతకం పడలేదు. ఆట అవలేదు. మింగింది. తిరగెయ్యాలి. చెక్క తడి, అనకూడదు. జారుద్ది, అనకూడదు. ఆగండి అనొచ్చా? ఎందుకూ అంటాడు. ఎక్కడ పడకూడదో కాదు, ఎక్కడ పడాలో. కాలు ఎక్కడ, చెయ్యి ఎక్కడ. చెయ్యి. చెయ్యి కమ్మీ మీద.

"కమ్మీ పట్టుకోండి," అంది.

వంతెన మీద ఎవరూ లేరు.

పెద్ద చప్పుడేం కాలేదు. తడిగుడ్డ రాయికేసి కొట్టినట్టు ఒక్కటి. కాలువలో నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు. ఆయన కమ్మీ కింది సందులోంచి జారి, గట్టు రాయి మీద తల పెట్టి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, లెక్కలో ఏదో తేడా వచ్చినట్టు కనుబొమలు ముడుచుకుని ఉన్నాయి. కార్డు వంతెన మీదే ఉంది. కలం లేదు.

"లే బావా," అని నవ్వాడు అవతలినుంచి బావమరిది. "గెలిస్తే మరీ ఇంత వేషాలా?" తర్వాత ఇంకోసారి "బావా" అన్నాడు. మూడోసారి అన్నప్పుడు నవ్వు లేదు.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. అంబులెన్సు వచ్చింది, తొందర లేకుండా వెళ్ళింది. కర్రల సంచి ఇంటివాళ్ళకి చేరాలని ఎవరో డాక్టరు కారులోకి ఎక్కించారు. పక్క అర జిప్పు సగం తెరిచే ఉంది. నాలుగు మడతల కాగితం అంచు బయటికి కనిపిస్తోంది. ఆమె దానివైపు ఒక అడుగు వేసింది. కారు తలుపు పడింది.

బావమరిది ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పొద్దుటి మనిషి కాదు. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"నువ్వు వెనకే ఉన్నావుగా?"

"ఉన్నానండీ."

"చూశావుగా? చేతుల్లో అవీ ఇవీ పెట్టుకుని ఎక్కుతుంటే చూశావుగా?"

"చూశానండీ."

"ఏడాది పొడుగునా నీ నోరు మూతపడదు కదే! చీమ కనపడితే జాగ్రత్త, ఆకు కదిలితే జాగ్రత్త! ఈ ఒక్క నిమిషం ఏమైంది నీ నోటికి? పడిపోయిందా?"

"ఆట అవలేదండీ," అంది ఆమె. "కార్డు మీద సంతకం పడలేదు."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "ఈవిణ్ణి నా కళ్ళెదుట లేకుండా చెయ్యి. నెలాఖరుకి కాదు, ఇవాళే," అన్నాడు. పొద్దున్న అక్కడే ఉండి నవ్విన సంగతి ఆయనకి గుర్తులేదు. గుర్తు చెయ్యాలని ఆమెకి తోచలేదు.

కౌంటరు దగ్గర గుమాస్తా తడిసిన కార్డుని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎనభై తొమ్మిది," అన్నాడు మెచ్చుకోలుగా. కింద చూశాడు. నాలిక చప్పరించి, ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి పక్కన పడేశాడు. "రూలు రూలే కదా."

మేస్త్రీ ఆమె మొహం వైపు చూడకుండా చెయ్యి చాపాడు. "ఆ బిళ్ళ ఇచ్చేసి వెళ్ళక్కా. నేనేం చెయ్యను చెప్పు. అయినా నువ్వు ఒక్క మాట అనుంటే పోయేది కదా."

మెడలోంచి బిళ్ళ తీసింది. తాడు టోపీకి చిక్కుకుంది, విడదీయడానికి కాస్త టైము పట్టింది. చేతిలో ఇంకేదో ఉన్నట్టుంటే గుప్పిట విప్పి చూసి, అది కూడా కౌంటరు మీద పెట్టింది.

ఫోన్ మోగింది. కూతురు.

"అమ్మా, ఎక్కడున్నావ్? ఇదిగో, పైన అటక మీద నా పాత బట్టల మూట ఉంది కదా, పొత్తిగుడ్డలకి చింపుదామని తీస్తున్నా. స్టూలు వేశాను. ఒక కాలు పెట్టి, నువ్వు తిడతావని ఆగి ఫోన్ చేశాను. ఎక్కనా వద్దా?"

ఆమె నోరు తెరిచింది. పాత మాట వచ్చి గొంతు దగ్గర ఆగింది. అది వింటే పిల్ల ఉలిక్కిపడి వెనక్కి చూస్తుందేమో. కొత్త మాట కోసం వెతికింది. అది దొరికేలోపు ఎక్కేస్తుందేమో.

"అమ్మా? వినపడుతోందా? ఎక్కుతున్నా మరి."

ఆమె ఫోను చెవికి నొక్కిపట్టుకుని, నోరు అలాగే తెరుచుకుని, బస్టాపు వైపు పరిగెత్తడం మొదలుపెట్టింది. జారిన కుడి భుజం ఖాళీగా ఊగుతోంది.

మేస్త్రీ పద్నాలుగో నంబరు బిళ్ళని మేకుకి తగిలించాడు. గుమాస్తా కౌంటరు తుడుస్తూ, అడ్డొచ్చినదాన్ని గుడ్డతో పక్కకి జరిపాడు. నల్లటి కలం మూత. దాని కొసన రెండు పళ్ళగాట్లు, వాటిలో తడి ఇంకా ఆరలేదు.